ఎనిమిదో రాయి దాటిన గీత

కుందుర్పి,
16-3-2003, ఆదివారం.

అమ్మకు, నీ చిన్న బిడ్డ సరళ నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం రివాజు. ఈ ఇంట్లో అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం అని రాస్తున్నాను. బళ్ళారిలో అక్క, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఈ జాబు నీకు అక్కే చదివి వినిపిస్తుంది. అక్కా, ఈసారి ఒక్క ముక్క కూడా మింగకుండా చివరిదాకా చదువు. పోయినసారి నేను రాసినదాంట్లో సగం నువ్వు మింగేశావని అమ్మ అడిగిన ప్రశ్నలు చూస్తేనే తెలిసిపోయింది.

ఎనుము సంగతి అడిగావు. శివప్ప చిన్నాన్న కొట్టంలో కట్టేశాం. పాలు మానేసింది గానీ పొగరు మానలేదు, నన్ను చూస్తే ఇప్పటికీ తల విసురుతుంది. వాన పడిందా అన్నావు. పోయిన వారం మబ్బు వచ్చింది, ఊరంతా ఒకసారి చూసుకుంది, కర్ణాటక వైపు పోయింది. ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నేను ముందుకు జరిగానని పక్కింటి మారెక్క నాతో పెద్ద జగడం పెట్టుకుంది. సాయంత్రం మళ్ళీ ఆమే గిన్నెలో ఊరిబిండి పచ్చడి తెచ్చి, "తిను పాపా, ఒక్కదానివే ఏం వండుకుంటావు" అని పెట్టి పోయింది. అన్నం సరిగ్గా తింటున్నానా అని నువ్వు అడిగినదానికి ఇదే జవాబు.

కళ్యాణదుర్గంలో కాలేజీకి రోజూ బస్సులోనే పోయి వస్తున్నాను. పోయిన నెలంతా పిల్లలకు గ్రాఫులు చెప్పాను. సమీకరణం ఇస్తే గీత గీయాలి, గీత చూపిస్తే సమీకరణం చెప్పాలి. నేరుగా పోయే గీత ఒకటి, బోర్లించిన చట్టిలా ఎక్కి దిగేది ఒకటి. ఇంకొకటి అడ్డగీతకు దగ్గర దగ్గరగా పోతుంది కానీ ఎంత దూరం పోయినా దాన్ని తాకదు. నువ్వూ మా అవ్వా ఒకే ఇంట్లో ముప్పై ఏళ్ళు బతికినట్టు అన్నమాట. ఆ మాట క్లాసులో అనలేదులే, మనసులో అనుకుని నవ్వుకున్నాను.

ఇక నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న. అక్క దాన్ని నీ నోటి మాటతోనే రాసింది. "పిల్లోళ్ళకు గీతలు చూసి లెక్క చెప్తాండావు కదా. మీ నాయన పోతా సచ్చినాడా, వస్తా సచ్చినాడా, అది చెప్పు పాపా." కాలేజీలో ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

ఆ రోజు ఏం జరిగిందో అక్కకు పూర్తిగా తెలియదు. నువ్వు చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు అమ్మా, కోప్పడకు. అక్కా, విను. పోయిన ఏడాది ఉగాది దాటిన వారానికి మనం వేయించిన మూడో బోరులో కూడా దుమ్మే లేచింది. బోరు బండి వాళ్ళు ఇనుప గొట్టాలు సర్దుకుంటుంటే, వాళ్ళ ముందే, ఊరి ముందే అమ్మ నాయనను అంది, "ఇంగ నీ మొగం నాకు చూపించద్దు. ఈ గడప తొక్కద్దు." ఆ రాత్రి నాయన అరుగు మీదే పడుకున్నాడు. పొద్దున ఆరు గంటలకు టైరు చెప్పులు వేసుకుని కర్ణాటక రోడ్డు పట్టి నడిచిపోయాడు. పది గంటలకు అటునుంచి వచ్చిన బస్సులో శివప్ప చిన్నాన్న ఉన్నాడు. ఎనిమిదో కిలోమీటరు రాయి దగ్గర బస్ షెల్టరులో నాయన గోడకు ఆనుకుని కూర్చుని కనిపించాడు. దిగి భుజం పట్టుకునేసరికే ప్రాణం లేదు. వడదెబ్బ అన్నారు.

అప్పటినుంచి మన ఇంట్లో ఏం జరుగుతోందో అక్కకు నువ్వే చెప్పావట. రాత్రి కాదు, పట్టపగలు, అన్నం పొద్దుకు, టైరు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడు. వాకిలి దాకా వచ్చి గడప ముందు ఆగిపోతుంది. లోపలికి రాదు. "నేను తొక్కద్దన్యా కదా, అందుకే ఆడే నిలబడుకోనుండాడు" అని నువ్వు ఏడ్చేదానివి. నేను భ్రమ అన్నాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చివరికి దసరా ముందు నిన్ను బస్సెక్కించి అక్క దగ్గరికి పంపాను.

నీ ప్రశ్న చదివాక గ్రాఫు కాగితం తీసి పెట్టుకున్నాను. నీకు అర్థమయ్యేటట్టు చెబుతాను. అడ్డంగా గంటలు, నిలువుగా మన ఇంటినుంచి దూరం. మనకు తెలిసినవి మూడే చుక్కలు. ఆరు గంటలకు నాయన మన వాకిట్లో ఉన్నాడు. ఏడు గంటలకు నాలుగో రాయి దగ్గర ఉన్నాడు, రేడియోలో వార్తలు మొదలయ్యాయని టీ అంగడి బయమ్మ ఖచ్చితంగా చెప్పింది. టీ తాగమంటే తల అడ్డంగా ఊపి పోయాడట. పది గంటలకు ఎనిమిదో రాయి దగ్గర ఉన్నాడు. అంతే.

ఇప్పుడు నువ్వు వాకిట్లో ముగ్గు వేయడం గుర్తు తెచ్చుకో. అవే చుక్కలు పెట్టి నువ్వు పద్మం వేస్తావు, అక్క చిలకలు వేస్తుంది. చుక్కలది తప్పు కాదు, కలిపే చెయ్యి వేరు. నాయన చుక్కలూ అంతే. ఈ మూడింటి మీదుగా నేను రెండు గీతలు గీయగలిగాను, రెండూ సరిగ్గానే కూర్చున్నాయి. ఒకటి వర్గమూలం గీత. మొదట గబగబా లేస్తుంది, తర్వాత నీరసంగా పాకుతూ పోతుంది. ఎంత నీరసపడినా అది వెనక్కి మాత్రం తిరగదు. రెండోది పరావలయం, ఇందాక చెప్పిన బోర్లించిన చట్టి. ఎక్కుతుంది, పైన కాసేపు నిలుస్తుంది, దిగి వెనక్కి వస్తుంది. మొదటి గీత నిజమైతే నాయన మనల్ని వదిలి పోతూ పోతూ పోయాడు. రెండోది నిజమైతే ఎనిమిదో రాయి దాటి పోయి, తిరిగి, మన ఇంటివైపు వస్తూ పోయాడు.

ఏడాదిగా ఊళ్ళో అందరూ ఒకే ప్రశ్న అడిగారు. పదిగంటలప్పుడు నాయన మొహం ఎటు తిరిగి ఉంది అని. గోడకు ఆనుకున్న మనిషి మొహం ఎటుంటే ఏం తెలుస్తుంది? పది గంటల దగ్గర నా రెండు గీతలూ ఒకే చోట కలుస్తాయి. అక్కడ ఎంత వెతికినా ఏమీ దొరకదు. అవి బాగా విడిపోయేది తొమ్మిది గంటల దగ్గర. పోతూనే ఉన్న నాయనైతే తొమ్మిదికి ఇంకా ఏడో రాయి దగ్గర ఉండాలి. తిరిగి వచ్చిన నాయనైతే అప్పటికే ఎనిమిదో రాయి దాటుతుండాలి. మనం అడగాల్సింది తొమ్మిది గంటల మనిషిని. ఇంత చిన్న సంగతి లెక్కలు చెప్పే నాకు ఏడాది పాటు తట్టలేదు. నాకూ తెలుసుకోవాలంటే భయమే అమ్మా, అందుకే తట్టలేదేమో.

పోయిన ఆదివారం పొద్దున్నే ఆ షెల్టరు దగ్గరికి పోయాను. ఒక్కదాన్నే. చుట్టూ బీడు, కలబంద, ఎండిన బోదగడ్డి, దూరంగా ఒక గొర్రెల మంద. ఆ గోడకు ఎవరూ ఆనుకుని కూర్చోరట ఇప్పుడు, బస్సు కోసం ఎండలోనే నిలబడతారట. నేను కూడా లోపలికి పోలేకపోయాను. మందతో వచ్చిన తిప్పేస్వామి అనే ముసలాయన నన్ను చూసి తనే పలకరించాడు.

"ఎవరమ్మా నువ్వు? బస్సు పోయింది గదా."

ఆంజినప్ప కూతుర్నని చెప్పాను. ఆయన చేతికర్ర కింద ఆనించి నిలబడ్డాడు. పోయిన ఏడాది ఆ రోజు తొమ్మిది గంటలప్పుడు ఇక్కడ ఉన్నావా తాతా అని అడిగాను.

"ఉన్న్యా. పాల వ్యాను పోయేది తొమ్మిదికే. అది పోతానే మీ నాయన వచ్చినాడు. షెల్టరు దాటుకోని ఆ మిట్ట ఎక్కినాడు."

"షెల్టరులో కూర్చోలేదా?"

"లేదమ్మా. దాటి పోయినాడు. యాడికి పోతాండావన్నా అంటే, ఊరికే అన్న్యాడు. మిట్ట మింద కొంచేపు నిలబడినాడు. ఆమీట గొర్రెలు చేన్లో పడితే నేను అట్ల పోయినా. మళ్ళ చూస్తే జనం గుమిగూడి ఉండారు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు తాతా?"

"పది గంటలప్పుడు చూసినోళ్ళెవరని అడిగినారు తల్లీ అందరూ. అప్పుడు నేను చూళ్ళేదు గదా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా దగ్గర సొరకాయ బుర్రలో నీళ్ళుండె. ఇస్తానని పిలవలే. అది నాకు ఉండాది లోపల" అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

నేను ఆ మిట్ట ఎక్కాను. షెల్టరుకు బాగా దగ్గరే. పైనుంచి అటు చూస్తే కర్ణాటక చేలు, ఇటు చూస్తే మన ఊరి గుట్ట, గుట్ట కింద మన వీధి చింతచెట్లు చుక్కల్లాగా. నాయన అక్కడ నిలబడి రెండు వైపులా చూసి ఉంటాడు. తర్వాత ఇటు దిగాడు. తొమ్మిదికి దాటిన మనిషి పదికి అదే రాయి దగ్గర దొరికాడంటే, తిరిగాడు. ఇందులో ఇక అనుమానం లేదు అమ్మా. నీ ప్రశ్నకు జవాబు ఇదే. నాయన వస్తూ పోయాడు. నీ దగ్గరికే వస్తూ.

అక్కా, అమ్మ ఏడిస్తే ఏడవనీ, నీళ్ళు ఇచ్చి మిగిలింది చదువు. అసలు సంగతి ఇంకా ఉంది.

ఇంటికి వచ్చి తొమ్మిది గంటల చుక్క కూడా కాగితం మీద పెట్టాను. అది పరావలయం మీద ఇసుమంత తేడా లేకుండా కూర్చుంది. వర్గమూలం గీతను రబ్బరుతో తుడిచేశాను. మనిషి నడక ఇలా ఒక సమీకరణం పట్టుకుని పోదని నాకు తెలుసు. ఎండకు, నొప్పి పెట్టే మోకాళ్ళకు, మనసుకు లెక్క ఉండదు. నాలుగు చుక్కలకు నేను తగిలించిన గీత అది. కానీ పిల్లలకు ఎప్పుడూ చెప్పే అలవాటు కొద్దీ, గీతను చివరిదాకా పొడిగించాను. ఆ మిట్టనుంచి దిగిన గీత మళ్ళీ ఇంటికి ఎప్పుడు చేరుతుందో చూశాను. బయలుదేరిన ఏడు గంటలకు చేరుతుంది. అంటే మధ్యాహ్నం ఒంటిగంటకు.

మన ఇంట్లో అన్నం పొద్దు ఎప్పుడో నీకు నేను చెప్పక్కర్లేదు. నాయన ఉన్నన్నాళ్ళూ, పోయాక కూడా, నువ్వు ఒంటిగంటకే కంచం ముందు కూర్చున్నావు.

ఇప్పుడు నా మాట. పోయిన జాబులో, నాకు ఏ చప్పుడూ వినపడటం లేదు, నువ్వు ధైర్యంగా ఉండు అని రాశాను. అబద్ధం అమ్మా. నువ్వు బస్సెక్కిన వారానికే విన్నాను. ఇంట్లో ఉన్న ప్రతి ఆదివారం వింటున్నాను. ఎడమ చెప్పు కాస్త ఎక్కువగా ఈడుస్తాడు చూడు, అచ్చం అలాగే. వాకిలి దాకా వచ్చి ఆగుతుంది. నేను వంటింట్లో గోడకు అతుక్కుని, చెవులు మూసుకుని కూర్చున్నాను ఇన్నాళ్ళూ. నిన్ను భ్రమ అన్నదాన్ని, డాక్టరుకు చూపించినదాన్ని. నాకు చాలా భయంగా ఉంది అమ్మా. పట్టపగలు, ఎండ ఫెళఫెళలాడుతుంటే, కన్న తండ్రి అడుగుల చప్పుడుకు వణుకుతున్నాను. సిగ్గుగానూ ఉంది.

ఈరోజు మాత్రం లేచాను. ఒంటిగంటకు చప్పుడు వచ్చి ఆగింది. తలుపు తీశాను. వాకిట్లో ఎవరూ లేరు, ఎండ తప్ప. అయినా గడప లోపల నిలబడి, "నాయనా, లోపలికి రా" అన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. మళ్ళీ గట్టిగా పిలిచాను. మారెక్క ఇంట్లోంచి తొంగి చూసింది కూడా. అడుగు ముందుకు పడలేదు. వెనక్కీ పోలేదు. నా ముందే ఎవరో నిలబడి, నా భుజం మీదుగా ఇంట్లోకి చూస్తున్నట్టు అనిపించింది. నన్ను కాదు.

ఉగాది దాటిన వారానికి ఏడాది వస్తుంది. నువ్వు రానన్నావు, ఆ వాకిలి చూడలేనన్నావు. మన వాళ్ళలో ఏడాది నాడు గడప బయట చెంబుతో నీళ్ళు పెట్టి పోయినవాళ్ళను లోపలికి పిలిచేది ఇల్లాలే, బిడ్డలు కాదు. నాయన నీ మీది అలకతో చనిపోలేదు, అది లెక్క తేల్చి చెప్పాను. నువ్వు వద్దన్న మాట ఒక్కటే ఆయనకు అడ్డం ఉంది. దాన్ని నేను తీయలేను, తీయబోతే కాలేదు. బావతో చెప్పి టికెట్టు తీయించుకో, ఒంటిగంటకు ముందే ఇంట్లో ఉండేటట్టు పొద్దున బస్సుకే రా. తలుపు నేను తీస్తాను. నువ్వు నా పక్కన నిలబడి, రమ్మని ఒక్క మాట అను.

ఇట్లు,
గడప లోపల నీ కోసం ఎదురుచూసే
నీ చిన్న బిడ్డ
సరళ.