అవ్వ ఒళ్లో చెంబు

చిక్కపేట, బెంగళూరు
1946, శ్రావణం

మా అవ్వ మునివెంకటమ్మకు నీ రామాంజి దండాలు.

కాలి బెణుకు తగ్గిందా? ఇది చదివి వినిపించేటప్పుడు నవ్వొద్దని మీ చెల్లెలు కెంపవ్వకు చెప్పు. ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. నేను కారు తోలడం మానేస్తున్నాను.

పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు చేతికొచ్చిన రోజు నాయన పెట్టిన కట్టుబాట్లు నీకు తెలిసినవే. దీపాలు పెట్టాక కారు తీయకూడదు. నువ్వు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. ప్రతి సోమవారం యలహంకలో కెంపవ్వ ఇంటికి పోయి తిరిగొచ్చేటప్పుడు, నీ ఒళ్లోని చెంబులో నీళ్లు మెడ దాకా నిలిస్తేనే నన్ను బాడుగలకు పంపుతానన్నాడు. ఉగాది నుంచి ఒక్కసారీ నిలవలేదు. ఇల్లు చేరాక ఎడమ తలుపు బయట దుమ్ములో నీటి చార తుడుస్తుంటే ఏడుపొచ్చేది. అయినా ఆ సోమవారాలు మరపు రావడం లేదు. "మెల్లగా పోరా అప్పా, రోడ్డు యాడికీ పారిపోదు" అని నువ్వు వెనక నుంచి అనడం, హెబ్బాళ చెరువు దగ్గర ఆపించి వేయించిన శనక్కాయలు నా దోసిట్లో పోయడం, మీ అక్కాచెల్లెళ్ల చిన్ననాటి అల్లరి చెప్పి నీలో నువ్వే నవ్వుకోవడం తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

మిల్లులో పని అడిగాను. కాలు బాగయ్యేదాకా నువ్వు కెంపవ్వ దగ్గరే గదా, సోమవారం నీ బట్టలు తెచ్చిస్తాను. తిరుగుదారిలో చెంబు ఒంటరిగా వస్తుంది. ఈసారీ ఒలికితే తాళాలు నాయనకిచ్చేస్తాను.

నీ మనవడు
రామాంజి

మంగళవారం

అవ్వా, దొంగ అవ్వా!

నిన్న చెంబును నీ చోట చుట్టకుదురు మీద పెట్టి తెచ్చాను. మన వీధి మలుపులో ఆపి చూస్తే నీళ్లు మెడ దాకా ఉన్నాయి. నమ్మలేక దిగి తలుపు చూశాను. చార లేదు. అప్పుడు తట్టింది. నీ ఒళ్లో ఒలికిన నీళ్లు తలుపు బయటికి ఎలా వచ్చేవి? ఇన్నాళ్లూ నువ్వే ఒంపావు!

ఒళ్లు మండింది. తోటివాళ్లు బాడుగలకు పోతుంటే తల దించుకున్నది నేను గదా. అంతలో నాయన మాట గుర్తొచ్చింది: "పెట్రోలు రేషను ఉండాది. నేర్చుకునేదానికి తప్ప చుట్టరికాలకు చుక్క ఇయ్యను." నాకు చెయ్యి కుదిరిందంటే ఆ రోజు నుంచి నీకు చెల్లెలి ఇంటికి కారు లేదు. నాతో చెప్పకూడదా అవ్వా?

చెంబు తీసి సగం రోడ్డు మీద ఒంపేశాను. నాయన చూసి పెదవి విరిచాడు. "ఇంకా చెయ్యి కుదర్లేదురా. అవ్వ కాలు బాగైనాక మళ్లా తోలు" అన్నాడు. సరే నాయనా అన్నాను. మిల్లుకు రానని చెప్పేశాను. బాడుగలు ఎక్కడికీ పోవు.

నువ్వు లేచి నడిచే సోమవారానికి కారు కెంపవ్వ వాకిట్లో ఉంటుంది. ఒక్క మాట. ఈసారి తలుపు మీద పడకుండా ఒంపు.

నీ డ్రైవరు
రామాంజి