సర్వర్ ఇవ్వాల్సిన అనుమతి

వదినగారికి,

మీ చెల్లెలు మా పాప కోసం చదివి రికార్డు చేసిన కథలు ఆమె సర్వర్‌లోనే ఉన్నాయి. వాటిని వినిపించే పేజీని నేను కొత్త డొమైన్‌కు, అంటే కొత్త వెబ్ చిరునామాకు మార్చాను. అప్పటి నుంచి, ఈ చిరునామాకు సర్వర్ అనుమతి లేదంటూ బ్రౌజర్ ఆ కథలను అడ్డుకుంటోంది. అనుమతి తెలిపే వాక్యాన్ని నా పేజీలోనే రాసి, అదే పనిగా ప్రయత్నించాను. ఆమె ఉంటే, "అనుమతి అడిగేవాళ్లే రాసేసుకుంటారా, మహానుభావా? ఇవ్వాల్సింది సర్వర్!" అని నవ్వేది.

ఆమె పోయాక సర్వర్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది. దయచేసి అందులో మా కొత్త డొమైన్‌ను అనుమతించండి.

సర్వర్ ఇప్పటికీ జవాబు పంపుతూనే ఉంది. అది బ్రౌజర్ దాకా వచ్చి, మా పేజీకి అందకుండా ఆగిపోతోంది.

"అమ్మ అలిగిందా నాన్నా?" అంటోంది పాప. లేదు, పలుకుతూనే ఉందని చెప్పాను. అది అబద్ధం కాదు కదా, వదినగారూ.

మీ మరిది