సలాం ముగిసేదాకా

తమ్ముడికి, అక్క సలాం.

నీ కోపపు ఉత్తరం అందింది. నాన్నకు చదివి వినిపించలేదు.

ప్రవక్త పుట్టినరోజు జరపమని మతం చెప్పలేదంటూ నువ్వు ఏళ్ల తరబడి ఆ సభకు దూరంగా ఉన్నావు. ఈసారి వచ్చింది కూడా తుంటి ఆపరేషనయిన నాన్నను మసీదుకు తీసుకెళ్ళడానికే. ఆయన్ని గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వు కింద కూర్చున్నావు. ప్రవక్త మీద సలాం పాడటం మొదలై అందరూ లేచి నిలబడినా నువ్వు కదల్లేదు. ఆడవాళ్ళ వైపు పరదా సందులోంచి చూస్తూనే ఉన్నాను. నాన్న కూడా లేవబోయి తూలారు. నువ్వు ఒక్క ఉదుటున లేచి ఆయన నడుము చుట్టూ చెయ్యి వేశావు. సలాం ముగిసేదాకా వదల్లేదు.

"మీ తమ్ముడు దారికొచ్చాడమ్మా" అని మన దర్జీ వీధంతా చాటుతున్నాడు. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను: "వాడేమీ మారలేదు. నాన్న పడిపోకుండా పట్టుకున్నాడు, అంతే." ఆయన నమ్మక, నేరుగా ఇంటికొచ్చి నాన్ననే అడిగాడు.

"నన్నెవరూ పట్టుకోలేదే! నా అంతట నేనే నిలబడ్డాను. వాడు కింద కూర్చునే ఉన్నాడు" అన్నారు నాన్న.

పెద్దాయన మాట కాదనలేక దర్జీ వెళ్ళిపోయాడు. నువ్వు కోరినట్టే నీ మీద వచ్చిన మాట ఆగిపోయింది.

ఆ రోజు నాన్న పిడికిట్లో పడి భుజం దగ్గర చిరిగిన చొక్కా ఇక్కడే వదిలి వెళ్ళావు. దాన్ని కుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కుడుతుంటే నాన్న పక్కనే కూర్చుని చూశారు. ఎలా చిరిగిందని అడగలేదు.

"కాస్త గట్టిగా కుట్టమ్మా, వచ్చే ఏడాది కూడా ఆగాలిగా" అన్నారు.

అక్క