జెస్సీ అమ్మమ్మ మొదటి ఏడాది

లెర్విక్, ఏప్రిల్

ప్రియమైన అమ్మమ్మకు,

ఫోన్లో నేనొకటి చెబితే నీకింకొకటి వినిపిస్తుంది కాబట్టి రాస్తున్నా. ఫిజిక్స్‌లో సీటొచ్చింది! నువ్వు చదివిన సెయింట్ ఆండ్రూస్‌లోనే! అమ్మ ఆనందం పట్టలేక రొట్టె మాడ్చేసింది.

ఒక్క చిక్కుంది. మామూలుగా చేరితే మొదటి ఏడాది నుంచి నాలుగేళ్ళు. నా మార్కులకి నేరుగా రెండో ఏడాదిలో చేరి మూడేళ్ళలో ముగించొచ్చట. సెప్టెంబరులో క్లాసులు మొదలయ్యాక చెప్పినా చాలన్నారు. నేనైతే రెండో ఏడాదే అనుకుంటున్నా. నువ్వేమంటావు?

నీ ముద్దుల మనవరాలు,
రోనా

పిట్టెన్‌వీమ్, ఏప్రిల్

నా బంగారు రోనాకు,

ఉత్తరం చేపల దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. వద్దన్నా విన్నారు.

రెండో ఏడాదా? ఎవరు తరుముతున్నారే నిన్ను? మొదటి ఏడాది అంటే ఏమనుకున్నావు? మొదటిరోజు అక్కడి విద్యార్థులంతా వేసుకునే ఎర్ర గౌను వేసుకుని వీధిలో నడుస్తుంటే గాలికది తెరచాపలా ఉబ్బి నన్నే లాక్కుపోయింది. మెట్ల మధ్య ఖాళీలో పైనుంచి లోలకం వేలాడదీసేవాళ్ళం. ఒకసారి మా క్లాసు ఎఫీ చేతిలోంచి గుండు జారి, కిందనుంచి వస్తున్న ప్రొఫెసరుగారి టోపీ మీద పడింది. ఆయన తల తడుముకుని, "గురుత్వాకర్షణ ఇంకా పనిచేస్తోందన్నమాట" అంటూ వెళ్ళిపోయాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం రేవుగట్టు చివరిదాకా నడిచేవాళ్ళం. ఎఫీ పాడేది, మేం చెవులు మూసుకునేవాళ్ళం.

ఇదంతా వదులుకుంటావా, పిచ్చిమొద్దూ? మొదటి ఏడాదిలోనే చేరు.

ఆశీస్సులతో,
జెస్సీ అమ్మమ్మ

లెర్విక్, మే

ప్రియమైన అమ్మమ్మకు,

కోప్పడకు. తొందర దేనికో చెప్పేస్తున్నా. డాక్టరు నీ గుండె గురించి ఏమన్నాడో అమ్మ చెప్పింది. నేను పట్టా అందుకునేటప్పుడు నువ్వు ముందు వరసలో కూర్చుని, దగ్గుతూ, పక్కవాళ్ళని విసిగిస్తూ ఉండాలి. నాలుగేళ్ళకంటే మూడేళ్ళు నయం కదా!

ఇంకోటి. చిన్నప్పటినుంచీ వింటున్నా, ఎప్పుడూ ఆ మొదటి ఏడాది కబుర్లేనా? మిగతా మూడేళ్ళూ నిద్రపోయావా?

నీ రోనా

పిట్టెన్‌వీమ్, మే

నా తల్లీ,

నిద్రపోలేదే. ఇంటికొచ్చేశాను.

ఆ మొదటి ఏడాది చివర్లో మా నాన్న పడవ తిరిగిరాలేదు. తమ్ముళ్ళు ముగ్గురూ పసివాళ్ళు. పరీక్షలు రాసి, గౌను మడతపెట్టి, మర్నాడే హెర్రింగ్ చేపలు కోసే పనికి వెళ్ళాను. ఎఫీ ఒకసారి చూడ్డానికొచ్చింది. రెండో ఏడాది పాఠాలు చెప్పబోతే, "ఒద్దే, చెప్పకు" అన్నాను. ఆ మాటకి దాని కళ్ళు చెమ్మగిల్లాయి. మళ్ళీ రాలేదు.

ఇది ఏడుపు కథ కాదు. తమ్ముళ్ళు ఎదిగారు. మీ తాత దొరికాడు, మీ అమ్మ పుట్టింది. అక్కడ చదివానంటే పట్టా ఉందనుకున్నారు అందరూ. ఎవరూ అడగలేదు. నువ్వే మొదటిదానివి. నాకు దొరికింది ఆ ఒక్క ఏడాదే. దాన్నే అరగదీసి అరగదీసి చెప్పుకుంటూ బతికాను.

ఇది రాస్తుంటే ఒక అనుమానమొచ్చింది. నిన్ను మొదటి ఏడాదిలో చేరమంటున్నది నీకోసమా, నాకోసమా? నాకే తెలియట్లేదు. కాబట్టి నా మాట వినకు. నా గుండె మాట అసలే వినకు, అది నాకే సరిగ్గా చెప్పదు. నీ బుర్ర ఏం చెబితే అది చెయ్యి.

అమ్మమ్మ

సెయింట్ ఆండ్రూస్, సెప్టెంబరు

ప్రియాతిప్రియమైన అమ్మమ్మకు,

నీ ఉత్తరం వేసవంతా నా జేబులోనే ఉంది. ఇన్నాళ్ళకి జవాబు రాస్తున్నా, క్షమించు.

ఇక్కడికొచ్చాక రెండు క్లాసుల్లోనూ కూర్చుని చూశాను. మొదటి ఏడాది క్లాసు బాగుంది, కానీ ప్రొఫెసరు చెప్పేదంతా నాకు ముందే తెలుసు. రెండో ఏడాది క్లాసులో ఒకావిడ బోర్డు నిండా తరంగాల లెక్కలు రాసేసింది. సగం అర్థం కాలేదు. ఒళ్ళు ఝల్లుమంది అమ్మమ్మా! అందరూ పాత స్నేహితులు, నేనొక్కదాన్నే ఏకాకిని. ఇంతలో డండీ నుంచి వచ్చిన సెంగా అనే పిల్ల పక్కకి జరిగి, "కొత్తమ్మాయివా? ఇటు రా, గదిని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టం ఈ బల్ల కిందే ఉంది. ఎవరికీ చెప్పకు" అంది.

రెండో ఏడాదిలోనే చేరిపోయాను. నీ గుండె కోసం కాదు, ఒట్టు. మొదటి ఏడాది నేను నీ ఒళ్ళో కూర్చుని ఎప్పుడో చదివేశాను. ఎఫీ నాకు మా పక్కింటి పిల్లకంటే బాగా తెలుసు. నువ్వు చూడనిది రెండో ఏడాది. అప్పుడు ఎఫీని వద్దన్నావు. నన్ను కూడా వద్దంటావా? వద్దనకు. ఇకమీద వారం వారం పాఠాలు రాస్తాను. అర్థం కానివి కూడా రాస్తాను, ఇద్దరం బుర్రలు బద్దలుకొట్టుకుందాం.

శనివారం పొద్దున ఇక్కడికొచ్చే బస్సెక్కు. కళ్ళజోడు మర్చిపోకు. మొదటి వారం లెక్కల్లో మూడోది నాకు రావట్లేదు.

నీ క్లాసుమేటు,
రోనా