సిరా మరకల కండువా

అల్లూరు, 15-2-2025, శనివారం.

చెల్లీ రేవతీ, అందరం క్షేమం. ఈ రోజు వడియాలు పెట్టినాను, బియ్యం చెరిగినాను, మ్యూజియం చిమ్మినాను. మన ఊరి రచయిత గారి ఇంటిని మేము నలుగురు ఆడవాళ్లం వంతులేసుకుని చూసుకుంటున్నాం గదా. పోయిన వారం మాలో ఒకామె, ఎవాంజెలిన్, అద్దాల బీరువాలో ఆయన కండువా ముక్క వాసన కొడుతోందని ఇంటికి తీసుకుపోయి, ఉతికి గంజి పెట్టి తెచ్చింది. జనం చూడవచ్చేదే దాని మీది సిరా మరకల్ని! ఒక్కటీ మిగల్లేదు. ఏడ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంక నేను రానక్కా" అనింది.

ఈ రోజు ఆయన కూతురు ఇందిరమ్మ గారు చెన్నై నుంచి వచ్చినారు. కండువా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసినారు. ఉతికేసినామని చెప్పేసినాను. ఆమె నవ్వి, "ఈ మరకలు పోవడం లేదని మా అమ్మ పోయేదాకా నాన్నను తిట్టింది. మా అమ్మ పంతం నెగ్గించిన మహాతల్లి ఎవరమ్మా?" అన్నారు. జరిగిందంతా చెప్తే, తాళంచెవి అడిగి తీసుకుని, తనే ఎవాంజెలిన్ ఇంటికి పోయి ఇచ్చి వచ్చినారు. రేపు చర్చి అయినాక తలుపు తీసేది ఎవాంజెలినే.

అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నావా? నాయుడుపేటలో కొత్త చింతపండు వచ్చిందా? మరిది గారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నీ రెండు కార్డులకు జవాబు బాకీ ఉన్నాను. దీంతో తీరింది.

అక్క ఉషారాణి