తండ్రి సంతకం కావాల్సిన కబడ్డీ ఫారం

నరసరావుపేట,
ఆదివారం.

తమ్ముడు శ్రీనివాసుకు, సాయంత్రం దీపం పెట్టి లేచి నీ అక్క రాస్తున్న మాటలు.

దేవుడి దయవల్ల నేనూ నీ కూతురు శ్రావణీ బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను.

ఫోన్‌లో చెప్పవచ్చు. కానీ నువ్వు మధ్యలో అందుకుంటావు, నాకు మాట పోతుంది. అందుకే కాగితం.

పిల్ల చదువు కోసం ఈ ఊరొచ్చి ఐదు వారాలైంది. నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. ఎండలు తగ్గలేదు. పిల్ల బడికి పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి ఉండదు. జపం చేసుకుంటాను. అలవాటవుతుంది, బెంగ పెట్టుకోకు. ఇక్కడి కందిపప్పు ఉడకదు. ఎవరైనా వస్తుంటే మన చేలోది రెండు కిలోలు పంపు.

బడిలో టీచరు పిల్లల క్లబ్బుల గురించి చెప్పిందట. లైబ్రరీలో కథల క్లబ్బు ఉంది. పేరు రాయిస్తే చాలు, చేరింది. సైన్సు క్లబ్బుకు ఎనిమిదో తరగతి రావాలట. గుడి దగ్గర కోలాటం నేర్పుతారు, ఎవరైనా వెళ్లవచ్చు. నేనదే నేర్చుకోమన్నాను. అది కబడ్డీ అంది. దానికి వయసు కాగితం, రెండు ఫొటోలు, తండ్రి సంతకం కావాలి.

నేనే గ్రౌండుకు తీసుకెళ్లాను. మన ఊళ్లో యువజన సంఘాలు రెండు, వినాయకుడి పందిళ్లు రెండు, ఆఖరికి వాలీబాల్ నెట్లూ రెండే కదా. ఆ అలవాటు కొద్దీ, ఇది ఏ వర్గం వాళ్ల క్లబ్బమ్మా అని కోచ్ అమ్మాయిని అడిగి, మనం ఎటువైపో కూడా చెప్పాను. ఆ అమ్మాయిది మాచర్ల. నవ్వలేదు.

"వర్గంతో పనేంది పెద్దమ్మా? పిల్ల బరువెంతో చెప్పు, చాలు" అంది. వెనక పిల్లలు మాత్రం చానాసేపు నవ్వారు.

అసలు సంగతి ఇది. ఆ జట్టులో లహరి అని ఒక పిల్ల ఉంది. పంచాయతీ ఎన్నికల్లో నీమీద పోటీ చేసిన సుబ్బారావు కూతురు. వాళ్లూ చదువు కోసమే ఇక్కడున్నారు. ఆటలో పిల్లలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడతారు.

"అత్తా, నాన్నకు చెప్పమాకు" అంది శ్రావణి.

"చెప్పకుండా ఎట్టా ఉంటానే" అన్నాను.

ఈ పొద్దున ఆట చూడబోయాను. లహరి తల్లి వచ్చి నేనున్న బల్ల మీదే కూర్చుంది. గంటసేపు ఇద్దరం ఆట వైపే చూశాం. ఎండకు నాకు కళ్లు తిరిగాయి. ఆమె నీళ్ల సీసా చాపింది.

"తాగు వదినా. ఊళ్లో చెప్పనులే."

ఎన్నికలప్పటి నుంచి వాళ్ల చేతి నీళ్లు మనం ముట్టడం లేదు. తాగాను. ఆమె చెప్పకపోయినా నేను చెబుతున్నాను.

ఫారం ఇందులో పెట్టాను. శనివారం లోపు ఇవ్వకపోతే ఈ ఏడాది పిల్ల జట్టులో ఉండదు. దగ్గరున్న పెద్దవాళ్ల సంతకమైనా చెల్లుతుందట. నేను పెట్టగలను. పెట్టలేదు. నాన్న ఉండగా అత్త సంతకం ఎందుకని ఆ పిల్లకు అనిపించకూడదు. వద్దనుకుంటే ఆ మాట నువ్వే వచ్చి దానికి చెప్పు. నేను చెప్పను.

అమ్మ పాదాలకు నా మొక్కు. మరదలికి నా దీవెన. పరమేశ్వరుడు మీ ఇంటిని చల్లగా చూడాలి.

నీ మేలు కోరే అక్క,
రాజ్యలక్ష్మి