సోమన్న దాచిన రాయి

ఆదివారం రాత్రి

ఇవాళ వీక్లీ ఆఫ్. బావని కొండ మీది అభ్రకం గని ఊరికి తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి పేరెత్తితే మొహం తిప్పుకునే మనిషి, ఈసారి తనే అడిగాడు.

గని ఎప్పుడో మూతపడింది. ఇళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. వరసంతటికీ ఒకటే పొడుగాటి అరుగు, ఎర్రమట్టి గోడల్లో ఎండకి మెరిసే అభ్రకం రేకులు. అప్పట్లో గనిలోకి దిగే ప్రతివాడూ గుర్తు గీసిన తన రాయిని బయట పెట్టి, పైకొచ్చాక తీసుకునేవాడు. మా స్టీల్ ప్లాంటు గేటు దగ్గర పంచింగ్ లాంటిదే. రాయి మిగిలిందంటే మనిషి లోపలున్నట్టే. అక్కడే పనిచేసే బావకి ఒకరోజు భయమేసి, పైకొచ్చి, రాయి తియ్యకుండానే పద్మనాభం ఊరికి పారిపోయాడు. తోటి పనివాళ్ళు పాపం, మట్టి కింద పడిపోయాడనుకుని రెండు రోజులు ఆయన కోసం తవ్వారట. మూడోరోజు, బావ తన బస్సెక్కి వెళ్ళిపోయాడని కండక్టరు చెబితే ఆపారు.

తిడతారో కొడతారో అని దారంతా నాకు గుబులే. అప్పటి మేస్త్రీ సోమన్న బావని ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి ఆ రాయి తెచ్చి చేతిలో పెట్టాడు.

"తీసుకోరా. ఇన్నాళ్ళూ నా లెక్కన నువ్వింకా గనిలోనే ఉన్నావు."

బావ అరుగు మీద కూలబడి ఏడ్చాడు. కాసేపటికి ఇద్దరూ నవ్వుకుంటూ అంబలి తాగారు. హమ్మయ్య అనుకున్నాను. సోమన్న కుంటుతున్నాడు. ఆ తవ్వకంలోనే దెబ్బ తగిలిందా అని బావ అడగలేదు. నేనూ అడగలేదు...

ఇంటికొచ్చాక బావ రాయిని టీవీ పక్కన పెట్టాడు.

"ఏటిది?" అంది అక్క.

"నానే. ఇయ్యాలే పైకొచ్చీసాను."